పాత గేమ్ కన్సోల్, కొత్త టీవీ: ఏ అడాప్టర్ ఎవరికి సరిపోతుంది?

పాత కన్సోల్‌ని కొత్త టీవీకి కలపాలనుకునేవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. "ఏవీ టు హెచ్‌డీఎంఐ" అని వెతికి, ముందు కనబడిన డబ్బా కొనేస్తారు. బొమ్మ వస్తుంది. కాకపోతే మసగ్గా, అడ్డంగా సాగిపోయి, బటన్ నొక్కాక కాస్త ఆలస్యంగా కదులుతూ వస్తుంది. కన్సోల్ ఏ రకం సిగ్నల్ పంపగలదో, కొన్న డబ్బా ఆ సిగ్నల్‌ని ఏమని అర్థం చేసుకుంటుందో చూసుకోకపోతే వచ్చే తంటా ఇది. ఈ రెండూ తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

సాకెట్ చూశాకే అడాప్టర్

కన్సోల్ పంపే సిగ్నళ్లలో అట్టడుగుది ఆర్ఎఫ్. టీవీ యాంటెనా సాకెట్లో గుచ్చి 3వ ఛానెల్లోనో 4వ ఛానెల్లోనో పెట్టి చూసే రకం. దానికన్నా ఒక మెట్టు పైన కాంపోజిట్, అంటే ఒంటరి పసుపు పిన్. వెలుగు, రంగు రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి కాబట్టి వాటిని విడదీసే చోట అంచుల్లో రంగు కారుతుంది, సన్న చుక్కలు పాకుతూ కనబడతాయి. ఎస్-వీడియోలో ఆ రెండూ వేర్వేరు తీగల్లో వస్తాయి, అందుకే అక్షరాలు ఒక్కసారిగా తేటపడతాయి. కాంపొనెంట్‌కి ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులు మూడు. ఆర్జీబీ ఎక్కువగా స్కార్ట్ అనే 21 పిన్నుల వెడల్పాటి ప్లగ్గులో దొరుకుతుంది. నాణ్యతలో కాంపొనెంట్, ఆర్జీబీ ఇంచుమించు సమానం. ఒకటి దొరికితే రెండోదాని కోసం వెతుక్కోనక్కర్లేదు.

కాంపోజిట్‌లో పోయిన వివరాన్ని ఎంత మంచి అడాప్టరైనా తిరిగి తేలేదు. అందుకే చేతిలో ఉన్న డబ్బుతో మొదట మెరుగైన కేబుల్ కొనడమే తెలివైన పని. సూపర్ నింటెండోకి ఎస్-వీడియో కేబుల్ వేసి మామూలు అడాప్టర్ పెట్టినా, కాంపోజిట్ కేబుల్‌తో ఖరీదైన అడాప్టర్ పెట్టినదానికంటే గీతలు స్పష్టంగా ఉంటాయి.

ఏ కన్సోల్ ఎంతవరకు వెళ్లగలదో స్థూలంగా చెప్పుకుందాం. ముందు వైపు క్యాసెట్ పెట్టే నింటెండో ఎన్ఈఎస్‌కి ఆర్ఎఫ్, కాంపోజిట్ మాత్రమే ఉంటాయి. పక్కన పసుపు పిన్‌తో పాటు ఒకే ఒక్క ఆడియో పిన్ ఉంటుంది, శబ్దం మోనో. రెండు స్పీకర్లలో వినబడాలంటే చిన్న వై-స్ప్లిటర్ పెట్టుకోవాలి. అమెరికా, జపాన్ మార్కెట్ల సూపర్ నింటెండో, నింటెండో 64 రెండూ ఒకే ఎస్-వీడియో కేబుల్ తీసుకుంటాయి. కానీ తర్వాత వచ్చిన చిన్న సైజు సూపర్ నింటెండోలో ఎస్-వీడియో, ఆర్జీబీ రెండూ తీసేశారు. సెగా మెగా డ్రైవ్‌కి ఎస్-వీడియో లేదు, ఆర్జీబీ ఉంది. దాని మొదటి మోడల్లో వెనకాల ఏవీ సాకెట్ నుంచి వచ్చేది మోనో శబ్దమే. స్టీరియో కావాలంటే ముందున్న హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీసుకోవాలి. ప్లేస్టేషన్ 1, సెగా శాటర్న్‌లకి కాంపోజిట్, ఎస్-వీడియో, ఆర్జీబీ మూడూ ఉన్నాయి. ప్లేస్టేషన్ 2కి వీటితో పాటు కాంపొనెంట్ కూడా ఉంది. డ్రీమ్‌కాస్ట్‌ది వేరే దారి. నేరుగా వీజీఏలో 480పి (ప్రతి ఫ్రేమ్‌లో 480 గీతలూ ఒకేసారి వచ్చే సిగ్నల్) ఇస్తుంది, కొద్ది ఆటలు తప్ప అన్నీ ఒప్పుకుంటాయి. కాబట్టి దానికి వీజీఏ కేబుల్, మామూలు వీజీఏ-హెచ్‌డీఎంఐ అడాప్టర్ చాలు.

240పి అసలు చిక్కు

ఎన్ఈఎస్, సూపర్ నింటెండో, మెగా డ్రైవ్, ప్లేస్టేషన్ 1, నింటెండో 64 వంటివి ఎక్కువ ఆటల్లో పంపేది 240పి. అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 240 గీతలు, సెకనుకి సుమారు 60 పూర్తి ఫ్రేములు. పాత ట్యూబ్ టీవీకి ఇది సమస్యే కాదు. ఇప్పటి టీవీల్లో, చవక కన్వర్టర్లలో ఉన్న చిప్పులకి మాత్రం ఈ సిగ్నల్ అచ్చం 480ఐ లాగే కనబడుతుంది. 480ఐ అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి పంపే ఇంటర్లేస్డ్ సిగ్నల్. కన్సోల్ పంపింది అది కాకపోయినా, చిప్పు రెండు ఫ్రేముల్ని కలిపి ఒకటి చేసేస్తుంది.

దాని ఫలితాలు మూడు. కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి. రెండు ఫ్రేముల్ని కలపాలంటే ముందుదాన్ని దాచుకోవాలి కనుక ఆలస్యం పెరుగుతుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు, దాని మీద టీవీ సొంత ఆలస్యం. మూడోది చాలామంది గమనించనిది. ఆ కాలం ఆటల్లో నీడలు, దెబ్బ తగిలిన పాత్రలు ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ మినుకుమంటాయి. తప్పుగా కలిపినప్పుడు ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది, లేదా చారలు చారలుగా కనబడుతుంది.

చవక అడాప్టరుకీ మంచి అడాప్టరుకీ అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. డబ్బా మీద రాసే "1080పి", "ఫుల్ హెచ్‌డీ" మాటలకి ఈ విషయంలో ఏ విలువా లేదు. అవి బయటికి వెళ్లే సిగ్నల్ సంగతి చెబుతాయి, లోపలికొచ్చిన 240పిని ఏం చేస్తున్నాయో చెప్పవు. అమ్మేవాళ్ల వివరణలో 240పి అన్న మాటే లేకపోతే అది 480ఐ అనుకునే రకమే అనుకోండి. అనుమానం తీరాలంటే అర్తెమియో ఉర్బినా తయారుచేసిన 240పి టెస్ట్ సూట్‌లో డ్రాప్ షాడో పరీక్ష నడిపి చూడవచ్చు. అది చాలా పాత కన్సోళ్లకి దొరుకుతుంది. మినుకుమనే నీడ మినుకుమంటూనే కనబడితే అడాప్టర్ 240పిని సరిగ్గా పట్టుకుంటోందన్నమాట.

అడాప్టర్ కొనే ముందు టీవీని పరీక్షించండి

టీవీ వెనక మూడు రంగుల పిన్ సాకెట్లు కనబడలేదని ఏవీ లేదనుకోకండి. చాలా టీవీల్లో అది ఒకే చిన్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌గా మారింది. దానికి పెట్టెలో వచ్చే చిన్న కేబుల్ కావాలి. ఆ కేబుళ్లలో తీగల అమరిక కంపెనీకో రకం. బొమ్మ రాకుండా స్పీకర్లో బర్రుమంటూ శబ్దం వస్తే వీడియో వెళ్లాల్సిన చోట ఆడియో వెళ్తోందని అర్థం. కన్సోల్ పసుపు పిన్‌ని తెలుపులోనో ఎరుపులోనో పెట్టి చూడండి, ఒకచోట బొమ్మ పడుతుంది. కాంపొనెంట్ సాకెట్లున్న టీవీలో పసుపు సాకెట్ విడిగా లేకపోతే ఆకుపచ్చ సాకెట్టే రెండు పనులూ చేస్తుంది. పసుపు పిన్ అందులో గుచ్చి, ఇన్‌పుట్ ఏవీ అని ఎంచుకోండి.

టీవీ కూడా 240పిని తప్పుగా చదవొచ్చు. అయినా ఆ తప్పు చేసేది ఒక్క టీవీయే. మధ్యలో చవక డబ్బా పెడితే అది ఒకసారి ఆలస్యం చేస్తుంది, టీవీ ఇంకోసారి చేస్తుంది. పైగా టీవీ నేరుగా ఏవీ తీసుకుంటున్నా డబ్బా కొనుక్కోవడమంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేసి ఆడి చూడండి. సంతృప్తిగా ఉంటే ఖర్చు లేకుండా పని అయిపోయింది.

చవక ఏవీ డబ్బా ఎక్కడ పనికొస్తుంది

అరచేతిలో సగం ఉండే నల్లదో తెల్లదో ప్లాస్టిక్ డబ్బా ఇది. ఒకవైపు మూడు పిన్నులు, మరోవైపు హెచ్‌డీఎంఐ, 720పి-1080పి మార్చే చిన్న స్విచ్, 5 వోల్టుల యూఎస్‌బీ పవర్. టీవీకి ఏవీ సాకెట్టే లేనప్పుడు, ఆడేది నిదానంగా సాగే పజిల్ ఆటో, వంతులవారీ ఆటో అయినప్పుడు ఇది చాలు. పరుగెత్తే, దూకే, కొట్లాడే ఆటలకి చిరాకు తెప్పిస్తుంది. స్విచ్ 720పిలో పెట్టినా 1080పిలో పెట్టినా తేడా నామమాత్రం. 1080పిలో టీవీ అంగీకరించకపోతే 720పికి మార్చండి.

కొనేటప్పుడు రెండు ఉచ్చులు ఉన్నాయి. ఒకటి, అచ్చం ఇలాగే ఉండి దిశ తిరగబడినది. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే డబ్బాకి కూడా అదే ఆకారం, అవే సాకెట్లు. పైన రాసినది అక్షరం అక్షరం చదవాలి. రెండోది ఒక చివర హెచ్‌డీఎంఐ ప్లగ్గు, ఇంకో చివర మూడు రంగు పిన్నులున్న ఉత్త కేబుల్. మధ్యలో చిప్పు లేదు, పవర్ లేదు. అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చడానికి తీగ ఒక్కటే చాలదు కాబట్టి దానితో ఏ బొమ్మా రాదు.

బొమ్మ అడ్డంగా సాగడం ఈ డబ్బాల సాధారణ రోగం. 4:3 బొమ్మని 16:9 ఫ్రేమ్ మొత్తానికి పరిచేస్తాయి. టీవీ చిత్ర పరిమాణం సెట్టింగ్‌లో 4:3 ఉంటే సరిపోతుంది. అయితే చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో 720పి, 1080పి వస్తున్నప్పుడు ఆ ఎంపిక ఇవ్వవు. కొనేముందే మీ టీవీలో ఇది చూసుకోండి.

స్కార్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే పెద్ద డబ్బాల్లో కూడా 240పి కథ ఇదే. వాటిలో చాలా రకాలు ఆర్జీబీ పిన్నుల్ని పట్టించుకోకుండా స్కార్ట్‌లోని కాంపోజిట్‌ని మాత్రమే చదువుతాయి. బొమ్మలో అవే చుక్కలు పాకుతుంటే ఆర్జీబీ కేబుల్ పెట్టిన లాభం దక్కలేదని అర్థం.

కాంపొనెంట్ ఉన్న కన్సోళ్లకి పని సులువు

నింటెండో వీ (Wii), ప్లేస్టేషన్ 2, మొదటి ఎక్స్‌బాక్స్‌లకి ఇంత అవస్థ లేదు. వీటి ఆటలు చాలావరకు 480ఐ లేదా 480పి, రెండూ ఏ టీవీకైనా అర్థమయ్యేవే. ఇక్కడ కాంపొనెంట్-హెచ్‌డీఎంఐ కన్వర్టర్, లేదా కన్సోల్ వెనకే గుచ్చుకునే చిన్న హెచ్‌డీఎంఐ డాంగిల్, రెండూ సరైన ఎంపికే. డాంగిల్ చాలావరకు కాంపొనెంట్ సిగ్నల్‌ని తీసుకుని డిజిటల్‌గా మార్చి పంపుతుంది. సాగదీసే పని టీవీకి వదిలేస్తుంది, కాబట్టి ఆలస్యం పెద్దగా కలవదు.

ప్లేస్టేషన్ 2లో డాంగిల్ పెట్టే ముందు మామూలు ఏవీ కేబుల్‌తోనే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి, కాంపొనెంట్ వీడియో అవుట్‌ని ఆర్జీబీ నుంచి వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్‌కి మార్చాలి. ఇది మర్చిపోతే రంగులు అడ్డదిడ్డంగా వస్తాయి, అడాప్టర్ చెడిపోయిందనుకుని వెనక్కి పంపేస్తారు. ఇంకో సంగతి. ప్లేస్టేషన్ 2లో ప్లేస్టేషన్ 1 డిస్క్ పెడితే కాంపొనెంట్‌లో కూడా 240పియే వస్తుంది. ఉన్నదున్నట్టు పంపే డాంగిల్ దాన్ని అలాగే పంపుతుంది, చాలా టీవీలు "సిగ్నల్ లేదు" అంటాయి. పాత డిస్కులే ఎక్కువ ఆడేవాళ్లు ఈ డాంగిల్ జోలికి పోకండి.

వీకి డాంగిల్ పెట్టాక సెట్టింగ్స్‌లో టీవీ రిజల్యూషన్‌ని 480పికి మార్చండి. అది మార్చకపోతే 480ఐలోనే ఆడుతున్నట్టు. మొదటి ఎక్స్‌బాక్స్‌లో కూడా డాష్‌బోర్డ్‌లో 480పి, 720పి విడిగా ఆన్ చేయాలి. యూరప్ మార్కెట్ ఎక్స్‌బాక్స్ డాష్‌బోర్డ్‌లో ఆ ఎంపికలే కనబడవు. గేమ్‌క్యూబ్ అయితే వెనక డిజిటల్ పోర్ట్ ఉందేమో చూడండి. డీఓఎల్-001 మోడల్‌కి ఉంటుంది, తర్వాతి డీఓఎల్-101కి తీసేశారు. ఆ పోర్ట్‌కి జీసీవీడియో అనే ఓపెన్ సోర్స్ డిజైన్ ఆధారంగా చేసిన హెచ్‌డీఎంఐ అడాప్టర్లు దొరుకుతాయి. కన్సోల్ లోపల ఉన్న డిజిటల్ సిగ్నల్‌నే తీసుకుంటాయి కాబట్టి అనలాగ్ మురికి ఏమీ ఉండదు. ఆట మొదలవుతున్నప్పుడు బి బటన్ పట్టుకుంటే, ప్రోగ్రెసివ్ స్కాన్ ఉన్న ఆటలు ఆ ఎంపిక అడుగుతాయి.

240పి ఆడేవాళ్లకి నిజమైన ఎంపికలు

సూపర్ నింటెండో, మెగా డ్రైవ్, ప్లేస్టేషన్ 1 మీద మనసు పడ్డవాళ్లకి మూడు దారులున్నాయి.

మొదటిది లైన్ డబ్లర్. రెట్రోటింక్ 2ఎక్స్ వంటివి ఈ జాతి. కాంపోజిట్, ఎస్-వీడియో, కాంపొనెంట్ తీసుకుని, ప్రతి గీతని రెండుసార్లు గీసి 240పిని 480పిగా పంపుతాయి. మొత్తం ఫ్రేమ్ దాచుకోవు కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు, మినుకుమనే నీడలు సరిగ్గా కనబడతాయి. 480పి వెళ్తుంది కనుక చాలా టీవీలు 4:3 ఎంపిక కూడా ఇస్తాయి. లోపం ఏమిటంటే 480పి నుంచి 4కే వరకు పెంచే పని టీవీదే. కొన్ని టీవీలు ఆ పనిలో పిక్సెళ్లని మెత్తగా చేసేస్తాయి. అయినా ఎక్కువమందికి మా ఓటు దీనికే. కేబుల్ మార్చనక్కర్లేదు, మెనూలతో కుస్తీ పట్టనక్కర్లేదు.

రెండోది ఓఎస్ఎస్‌సీ. మార్కుస్ హీయెంకారి చేసిన ఓపెన్ సోర్స్ యంత్రం. స్కార్ట్, కాంపొనెంట్, వీజీఏ తీసుకుంటుంది. కాంపోజిట్, ఎస్-వీడియో దానంతట అది తీసుకోదు, ఈ ఒక్క మాట తెలియక కొన్నవాళ్లు బాధపడతారు. 2 నుంచి 5 రెట్ల వరకు గీతలు పెంచగలదు, పిక్సెళ్లు కత్తితో కోసినట్టుంటాయి. కానీ 3 రెట్లు దాటితే టీవీ ఒప్పుకుంటుందో లేదో పెట్టి చూస్తేగాని తెలియదు. ఎన్ఈఎస్, సూపర్ నింటెండో మరీ మొండివి. ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్‌లో ఒక గీత కాస్త పొట్టిగా ఉంటుంది, రిఫ్రెష్ కూడా సుమారు 60.1 హెర్ట్జ్. కొన్ని టీవీలు ఆ కంగాళీ భరించలేక తెర నల్లగా చేసేస్తాయి. ప్లేస్టేషన్ 1లో మెనూ 480ఐలో, ఆట 240పిలో నడిచే సందర్భాలుంటాయి. అలా మారిన ప్రతిసారీ టీవీ కొన్ని సెకన్లు తెర ఆర్పేసి మళ్లీ పట్టుకుంటుంది.

మూడోది చేతిపని ఇష్టమైనవాళ్లకి. జీబీఎస్-8200 అనే చవక బోర్డు ఆర్కేడ్ యంత్రాల కోసం వచ్చినది, ఉన్నదున్నట్టుగా వాడితే 240పిని అదీ తప్పుగానే చదువుతుంది. దానికి జీబీఎస్-కంట్రోల్ అనే ఫర్మ్‌వేర్ నింపిన ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డుని కలిపితే పూర్తిగా వేరే వస్తువైపోతుంది. టంకం పని తక్కువే. ఎస్‌డీఏ తీగ డీ2కి, ఎస్‌సీఎల్ డీ1కి, డీబగ్ పిన్ డీ6కి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. బోర్డు మీద పీ8 దగ్గర జంపర్ పెడితే పాత కంట్రోలర్ నోరు మూసుకుంటుంది. ఆపైన సెట్టింగులన్నీ ఫోన్ బ్రౌజర్లో వైఫై ద్వారా మార్చుకోవచ్చు. ఎస్ఐ5351 అనే చిన్న క్లాక్ బోర్డు చేరిస్తే బొమ్మలో సన్న చారలు తగ్గుతాయి. ఇది 480ఐని కూడా చక్కగా కలుపుతుంది, ప్లేస్టేషన్ 2కి అది పెద్ద లాభం. బయటికి వీజీఏ వస్తుంది కాబట్టి చివర వీజీఏ-హెచ్‌డీఎంఐ అడాప్టర్ ఒకటి తప్పదు. ఆర్జీబీ కేబుల్ కాంపోజిట్ వీడియోనే సింక్‌గా (గీత, ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతాయో చెప్పే సంకేతంగా) వాడే రకమైతే బొమ్మ వణకవచ్చు. అప్పుడు ఎల్ఎం1881 చిప్పుతో సింక్‌ని వేరు చేస్తారు. టంకం పట్టడం రానివాళ్లు దీని జోలికి పోవద్దు. వచ్చినవాళ్లకి ఇచ్చిన డబ్బుకి ఇంత ఫలితమిచ్చే వస్తువు ఇంకోటి లేదు.

స్కార్ట్ కేబుల్ కొనేటప్పుడు ఒక హెచ్చరిక. జపాన్ 21 పిన్నుల ప్లగ్గు చూడ్డానికి యూరప్ స్కార్ట్ లాగే ఉంటుంది, తీగల అమరిక మాత్రం వేరు. ఒకదాన్ని ఇంకోదాంట్లో గుచ్చితే పరికరం పాడయ్యే ప్రమాదం ఉంది. అలాగే సూపర్ నింటెండో ఆర్జీబీ కేబుల్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ పద్ధతి) కన్సోల్‌కి వేరు, పాల్ (యూరప్ పద్ధతి) కన్సోల్‌కి వేరు. లోపలి కెపాసిటర్లు, రెసిస్టర్లు మారతాయి. తప్పు కేబుల్ వేస్తే బొమ్మ మరీ వెలిగిపోతుంది, లేదా మరీ చీకటిగా ఉంటుంది.

ఏం చేసినా బొమ్మ సరిగ్గా రాకపోతే

నలుపు-తెలుపులోనే వస్తుంటే రంగు పద్ధతి కుదరలేదన్నమాట. కన్సోల్ పాల్ అయి కన్వర్టర్ ఎన్‌టీఎస్‌సీ మాత్రమే చదివేది కావచ్చు. ఎస్-వీడియోలో అయితే ప్లగ్గు సరిగ్గా కూర్చోక రంగు పిన్ తగలకపోయినా ఇదే లక్షణం. 50 హెర్ట్జ్ పాల్ కన్సోల్ సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు పంపే డాంగిల్ వాడితే, 50 హెర్ట్జ్ తీసుకోని టీవీలో ఏమీ కనబడదు.

ఆడుతుండగా బొమ్మ మధ్యమధ్యలో ఆరిపోతుంటే ముందు పవర్ అనుమానించండి. టీవీ యూఎస్‌బీ పోర్ట్ నుంచి పవర్ తీసుకుంటే అది అర ఆంపియర్‌తో ఆగిపోవచ్చు. 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే విడి ఛార్జర్ పెట్టి చూడండి. బొమ్మ అంచులు తెర బయటికి పోతుంటే టీవీలో స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ సెట్టింగ్ పెట్టాలి. మెగా డ్రైవ్ కాంపోజిట్‌లో కనబడే ఇంద్రధనుస్సు చారలు కన్సోల్ లోపలి ఎన్‌కోడర్ నుంచి వస్తాయి, వాటిని ఏ అడాప్టరూ తీయలేదు. ఆర్జీబీకి మారడమే మందు.

లైట్ గన్ ఆటలు మాత్రం వీటిలో దేనితోనూ కుదరవు. ఎన్ఈఎస్ జాపర్ అనే తుపాకీ, నొక్కిన క్షణంలో తెర నల్లబడి లక్ష్యం చోట వెలిగే తెల్ల గడి తనకి కనబడిందా లేదా అని చూస్తుంది, ప్లేస్టేషన్ గన్‌కాన్ వంటివి ట్యూబ్ టీవీ తెర మీద కిరణం గీసే క్షణాన్ని బట్టి గురిని లెక్కిస్తాయి. రెండూ ట్యూబ్ టీవీ గీసే తీరు మీదే ఆధారపడతాయి. ఎల్‌సీడీలో ఆ కిరణమే లేదు. అవి ఆడాలనుకుంటే పాత ట్యూబ్ టీవీని ఒకదాన్ని ఉంచుకోవాల్సిందే.